నిల్వ ఉన్న నైలాన్ తీగ: ఎప్పుడు మార్చాలి, ఎంత అప్పు చేయాలి?

వేట నిషేధ కాలం ముగియవచ్చే రోజులలో తీరప్రాంతపు బ్యాంకు శాఖలకు అందే ఋణ దరఖాస్తులలో ఒక వాక్యం తరచుగా కనిపిస్తుంది. "పాత వలలు, తీగలు నిల్వలో పాడైపోయినవి, కొత్తవి కొనుటకు ఋణము మంజూరు చేయగోరుచున్నాను" అన్నదే ఆ వాక్యం. పాడైనవని ఎలా తెలిసిందో దరఖాస్తుదారు వ్రాయడు. ఎంత భాగం పాడయిందని శాఖాధికారి అడగడు. డీలరు ఇచ్చిన కొటేషను జతచేస్తారు, మొత్తం సరంజామాకు ధర కడతారు, ఆ మొత్తానికే వాయిదాలు నిర్ణయిస్తారు. బాగున్న తీగకు కూడ అప్పు చేసిన మత్స్యకారుడు నష్టపోతాడు. దానికి భిన్నంగా, అప్పుకు జంకి పాత తీగతోనే సముద్రానికి వెళ్ళినవాడు మరొక విధంగా నష్టపోతాడు. ఈ రెండు నష్టాలకూ మూలం ఒక్కటే: నిల్వ ఉన్న తీగను పరీక్షించి చూసే అలవాటు మనలో లేకపోవడం.

ఈ విషయంలో నాకు కనువిప్పు కలిగినది మన తీరంలో కాదు, గుజరాత్‌లోని డుమస్‌లో. సూరత్ నగరానికి నైరుతి దిక్కున, తాపీ నది సముద్రంలో కలిసే చోటికి సమీపంలో ఉన్న ఊరు డుమస్. నల్లని ఇసుకతో కూడిన అక్కడి తీరం, టమాటా బజ్జీలు సూరత్ వాసులందరికీ తెలిసినవే. సెలవు దినాలలో నగరం నుండి వచ్చే జనంలో తెలుగు మాట కూడ వినబడుతుంది. వరంగల్, కరీంనగర్, నల్లగొండ ప్రాంతాల నుండి మగ్గాల పనికై తరలివెళ్ళిన చేనేత కుటుంబాలు సూరత్‌లోని లింబాయత్, ఉధనా ప్రాంతాలలో తరాలుగా స్థిరపడి ఉండడమే ఇందుకు కారణం.

అటువంటి నేత కార్మికుడొకరు ఒక ఆదివారం సాయంకాలం డుమస్ ఒడ్డున గాలం వేస్తూ కనిపించారు. గడచిన దసరా నాటి నుండి తన కార్ఖానా కిటికీలో పడివున్న తీగ చుట్టను ఆయన వెంట తెచ్చుకొన్నారు. మొదటి చేప పట్టిన వెంటనే తీగ తెగింది. అది ఏ చేపయో మాకు తెలియనే లేదు. ఆయన కోపగించుకోలేదు, చుట్టను పారవేయనూ లేదు. ఒక్కొక్క బార తీగను లాగి, చివర ముడి వేసి, రెండు చేతులతో గుంజి చూడసాగారు. తెగినంతవరకు తుంచి జేబులో వేసుకొన్నారు. పది పన్నెండు బారలు పోయిన తరువాత ముడి నిలిచింది. అక్కడ కొత్త గాలం కట్టి చీకటి పడేవరకు చేపలు పట్టుకొన్నారు. నేను అడిగితే ఆయన చెప్పిన మాట ఇది: "సార్, కండె మీద పై పోగులు ఎండకు సచ్చిపోతయి. లోపలిది మంచిగనే ఉంటది. మొత్తం పారేసెటోడు పిచ్చోడు, జూడకుండ వాడెటోడు ఇంకా పిచ్చోడు."

దారంతో జీవనం చేసేవాడు కనుక ఆయనకు ఆ సంగతి తెలుసు. చేపలతో జీవనం చేసే మనవారికి తెలియదని నేననను. కానీ ఆ తెలివి మన ఋణ దరఖాస్తులలోకి ఇంతవరకు రాలేదు.

పూర్వం నూలు వలల కాలంలో ఈ ప్రశ్నకు జవాబు వెదకవలసిన పనిలేదు. తడిసిన నూలు కుళ్ళేది. చెట్ల బెరడు కషాయంలో ఎన్నిసార్లు ఉడికించినా వల ఆయుర్దాయం కొంత పెరిగేదే తప్ప కుళ్ళు ఆగేది కాదు, ఆ కుళ్ళు కంటికి కనబడేది, ముక్కుకు తెలిసేది. అమెరికాలో 1935లో నైలాన్ రూపొందింది. ఇప్పుడు వలలకు ఎక్కువగా వాడే నైలాన్-6 అనే రకాన్ని 1938లో జర్మనీలో కనుగొన్నారు. 1950ల చివరి భాగంలో నైలాన్ మన దేశపు వలలలో ప్రవేశించింది. మోనోఫిలమెంట్ అనే ఒంటిపోగు నైలాన్ తీగ, అంటే అనేక పోగులు పేనకుండా ఒకే పోగుగా తీసిన పారదర్శకమైన తీగ, ఇప్పుడు గాలాలకూ, చేప మొప్పల వద్ద చిక్కుకొనే గిల్‌నెట్‌లకూ సర్వసాధారణమైపోయింది. ఇది కుళ్ళదు. అందువల్లనే దీనికి చావు లేదన్న భ్రమ కొందరిలో ఏర్పడింది.

నైలాన్‌కు మొదటి శత్రువు సూర్యరశ్మి. అందులోని అతినీలలోహిత కిరణాలు నైలాన్‌లోని పొడవైన అణు గొలుసులను తెంచుతాయి. గొలుసులు తెగినకొద్దీ తీగ సాగే గుణాన్ని కోల్పోయి పెళుసుబారుతుంది. వేడి ఈ పనిని వేగవంతం చేస్తుంది. సన్నని తీగలో కిరణాలు లోపలివరకు చొరబడతాయి కనుక లావు తీగకన్న అది త్వరగా చెడుతుంది. చీకటిలో, చల్లని చోట ఉంచిన తీగలో ఈ మార్పు చాలా నెమ్మదిగా జరుగుతుంది. కనుక "ఈ తీగ కొని ఎన్నేళ్ళయింది?" అన్న ప్రశ్నకన్న "ఈ తీగ ఎక్కడ పడివున్నది?" అన్న ప్రశ్న ముఖ్యమైనది. చీకటి పెట్టెలో మూడేళ్ళున్న తీగ బాగుండవచ్చు. ఇసుక మీద ఒక్క వేసవి కాలం పడివున్నది పనికిరాకపోవచ్చు.

ఇక్కడ డుమస్‌కూ మన తీరానికీ ఒక ముఖ్యమైన భేదం ఉన్నది. పశ్చిమ తీరంలో కేంద్ర ప్రభుత్వం విధించే వేట నిషేధం జూన్ 1న ఆరంభమై జూలై చివరివరకు ఉంటుంది. అవి వర్షాకాలపు రోజులు, మబ్బు పట్టిన రోజులు. వలలను అక్కడ వాన భయంతోనైనా కప్పి ఉంచుతారు. శ్రావణ పూర్ణిమ నాడు సముద్రానికి కొబ్బరికాయ సమర్పించి తిరిగి వేటకు దిగడం ఆ తీరపు ఆచారం. తూర్పు తీరంలో నిషేధం ఏప్రిల్ 15 నుండి జూన్ 14 వరకు, అంటే సంవత్సరంలోకెల్ల తీవ్రమైన ఎండలు కాసే 61 రోజులు. శ్రీకాకుళం నుండి నెల్లూరు వరకు ఏ పల్లెకు వెళ్ళి చూచినా ఆ రోజులలో వలల గుట్టలు ఒడ్డున బట్టబయలుగా కనిపిస్తాయి. చేపల సంతతిని రక్షించడానికి వచ్చిన ఆ విరామంలోనే మన వలల బలం హరించుకుపోతున్నది. సంవత్సరం పొడవునా సముద్రంలో పడిన శ్రమకన్న ఒడ్డున పొందిన ఈ విశ్రాంతే తీగకు ఎక్కువ చేటు చేస్తుందంటే కొందరికి నవ్వు రావచ్చు. ఎండలో పడివున్న గుట్ట పై పొరనుండి ఒక ముక్కను, అడుగునుండి ఒక ముక్కను తీసి గుంజి చూస్తే నవ్వు ఆగుతుంది.

చూపు మీద ఆధారపడి నిర్ణయించేవారు సాధారణంగా రెండు గుర్తులు చెబుతారు. తీగ రంగు మారిందని ఒకటి, చుట్టలు తిరిగి బిరుసెక్కిందని మరొకటి. ఈ రెండూ పూర్తిగా నమ్మదగినవి కావు. చుట్ట మీద చాలాకాలం ఉన్న తీగ ఆ ఆకారాన్నే పట్టుకొని ఉండడం నైలాన్ స్వభావం. నీటిలో నానబెట్టి నిదానంగా సాగదీస్తే చాలావరకు సర్దుకొంటుంది. బిరుసుదనానికి తరచుగా కారణం తేమ లేకపోవడం. నైలాన్ సాధారణమైన గాలిలో తన బరువులో సుమారు 4 శాతం, నీటిలో నానినప్పుడు 9 శాతం వరకు తేమను పీల్చుకొంటుంది. రేకుల కప్పు కింద అటక మీద ఎండిపోయిన తీగ చేతికి పుల్లలా తగులుతుంది. అంతమాత్రాన అది చచ్చిపోయినట్లు కాదు. ఒక రాత్రి నానిన తరువాత కూడ పెళుసుగానే ఉన్నట్లయితే అప్పుడు అనుమానించాలి. రంగు విషయంలోనూ అంతే. తెల్లని పొడి వంటి పూత, మెరుపు పోయిన గరుకుదనం ఎండ దెబ్బకు గుర్తులు కావచ్చు, ఎండిన ఉప్పు కూడ కావచ్చు. మంచినీటితో కడిగి మళ్ళీ చూస్తే తేడా తెలుస్తుంది.

అయితే వేళ్ళు చెప్పే సాక్ష్యం ఒకటి నమ్మదగినదే. తడిపిన తీగను బొటనవేలు, చూపుడువేళ్ళ నడుమ నెమ్మదిగా జారవిడిస్తే, ఇసుకకో పడవ అంచుకో రాచుకొని గీతలు పడిన చోట వేలికి తగులుతుంది. దూదిని చుట్టి లాగితే నూగు అంటుకొని మరింత స్పష్టంగా తెలుస్తుంది. డుమస్ వంటి చోట్ల ఈ పరీక్ష చాలా అవసరం. ఖంభాత్ సింధుశాఖ పెద్ద ఆటుపోట్లకు పేరుపొందినది. నీరు ఉరవడిగా వస్తూ పోతూ ఒండ్రును, ఇసుకను వెంట తెస్తుంది కనుక అక్కడి తీగకు నిల్వలోకన్న నీటిలోనే రాపిడి దెబ్బ ఎక్కువ. మన గోదావరి ముఖద్వారాలలో వరదనీటి కాలంలో పులస కోసం వల వేసేవారికి ఇది చెప్పనవసరం లేదు.

ఇక అసలైన పరీక్ష బరువు పరీక్ష. దీనికి ప్రయోగశాల అక్కరలేదు, ఒక బొక్కెన, ఒక లీటరు కొలపాత్ర చాలు. ఒక లీటరు మంచినీరు ఒక కిలో తూగుతుంది. గాలపు తీగ అయితే చుట్ట పై పొర నుండి, మధ్య నుండి, లోపలి నుండి ముక్కలు తీయాలి. వల అయితే బెండ్లు కట్టిన పై అంచు నుండి, నడుమ నుండి, బరువులు కట్టిన కింది అంచు నుండి తీయాలి. వాటిని రాత్రంతా నానబెట్టాలి. తడి నైలాన్ పొడి నైలాన్‌కన్న 10 నుండి 15 శాతం తక్కువ బలం కలిగి ఉంటుంది, చేప పడేది తడి తీగకే కనుక కొలవవలసినది తడి బలమే. ప్రతి ముక్కకూ ఒకే రకపు ముడి వేయాలి. ముడి వద్ద తీగ బలం తగ్గుతుంది, వల అంటే ముడుల సముదాయమే కదా. ఆ ముక్కకు బొక్కెనను నేలకు బెత్తెడు ఎత్తున వేలాడదీసి లీటరు తరువాత లీటరు నీరు పోస్తూ ఎంత వద్ద తెగుతుందో చూడాలి. సన్నని తీగ అయితే అరలీటరు చొప్పున పోయాలి. ఖాళీ బొక్కెన బరువును కిరాణా కొట్టు కాటాలో తూచి దానిని కూడ లెక్కలో కలపాలి. ఒక్కొక్క చోటు నుండి ఐదు ముక్కలైనా పరీక్షించి, వాటి సగటును కాక అన్నిటికన్న తక్కువ వచ్చిన దానిని వ్రాసుకోవాలి. వల తెగేది సగటు చోట కాదు, బలహీనమైన చోట.

ఆ అంకె ఎక్కువో తక్కువో తెలియాలంటే పోలికకు అదే మందం గల కొత్త తీగ ముక్క కావాలి. దుకాణంలో అడిగితే రెండు బారలు ఇవ్వని డీలరు ఉండడు, ఉండకూడదు. కొత్త ముక్కను కూడ అదేవిధంగా నానబెట్టి, అదే ముడి వేసి, అదే బొక్కెనతో తెంచాలి.

ఎంత తగ్గితే మార్చాలన్నదానిపై అభిప్రాయభేదాలు ఉండవచ్చు. నా అభిప్రాయం ఇది. కొత్తదాని బలంలో మూడు వంతులకు పైగా నిలిచినది మార్చనక్కరలేదు. సగానికి దిగజారినది గాలానికైనా వలకైనా ఉంచకూడదు. ఈ రెంటి నడుమ ఉన్నప్పుడు గాలాన్ని ఒక విధంగా, వలను మరొక విధంగా చూడాలి. గాలపు తీగ ఒక్కచోట తెగితే చేప, గాలం, మిగిలిన తీగ అన్నీ పోతాయి. కనుక మూడు వంతులకు తగ్గిన భాగాన్ని తీసివేయాలి. చుట్ట లోపలి భాగం బాగుంటే తీగను తిరగేసి చుట్టి, ఇంతవరకు వాడని కొసను నీటివైపుకు తెచ్చుకోవచ్చు. వలలో ఒక కన్ను తెగినా పక్కనున్న కళ్ళు బరువును పంచుకొంటాయి. కనుక నడిమి స్థితిలో ఉన్న వల ముక్కను చిన్న చేపలకు, ఒడ్డుకు దగ్గరి వేటకు మరొక కాలం వాడుకొనవచ్చు. పెద్ద చేపలు తిరిగే లోతు నీటికి తీసుకొనిపోరాదు.

వలను ముక్కలు ముక్కలుగా చూడడంలోనే డబ్బు ఆదా ఉన్నది. పది ముక్కల వల ఉన్న ఒక చిన్న పడవ యజమానిని ఉదాహరణగా తీసుకొందాం. ఒక్కొక్క ముక్క అల్లిక ఖరీదు రూ. 4,000 అనుకొందాం. మొత్తం మార్చితే రూ. 40,000. పరీక్షించి చూడగా మూడు ముక్కలు మాత్రమే సగానికి దిగజారినవని తేలితే రూ. 12,000 సరిపోతుంది. బెండ్లు, బరువులు, అంచు తాళ్ళు పాతవే పనికివస్తాయి. సంవత్సరానికి 7 శాతం వడ్డీ చొప్పున మొదటి దానికి రూ. 2,800, రెండవ దానికి రూ. 840 అవుతుంది. ఈ యజమాని బ్యాంకుకు రాక, చేపల వ్యాపారి వద్ద వల తీసుకొని, పట్టిన సరుకంతా అతనికే కిలోకు రూ. 10 తక్కువకు పోసే ఒప్పందం చేసుకొన్నాడనుకొందాం. వేట కాలంలో 1,500 కిలోలు పోస్తే రూ. 15,000 చేజారుతుంది. పైగా అసలు అలాగే నిలిచి ఉంటుంది. వ్యాపారి కాగితం అడగడు, రాత్రికి రాత్రి సరుకు ఇస్తాడు, అన్నది నిజమే. ఆ సౌకర్యానికి కట్టిన వెల మాత్రం రూ. 15,000.

తూర్పు తీరంలోని ఒక శాఖలో నేను పనిచేసిన రోజులలో ఇటువంటి దరఖాస్తు ఒకటి నా బల్ల మీదకు వచ్చింది. మొత్తం వలకు కొటేషను జతచేసి ఉన్నది. ఆస్తి కొనుగోలు ఋణం కనుక పత్రాలు, పరిశీలన, పై కార్యాలయపు అనుమతి అన్నీ అవసరమైనవి. మంజూరు ఉత్తర్వు చేతికి వచ్చేసరికి నిషేధం ముగిసి ఐదు వారాలు గడచిపోయినవి. ఆ మనిషి అప్పటికే వ్యాపారి వద్ద సరుకు తీసుకొని సముద్రంలో ఉన్నాడు. మంజూరు పత్రం తీసుకొనడానికి ఆయన భార్య వచ్చి, "ఇప్పుడిదెందుకు బాబూ, ఆయన వేలిముద్ర ఏసేశాడు" అన్నది. ఆ దరఖాస్తుతో ఎవరైనా నాలుగు ముక్కల లెక్క జతచేసి ఉంటే, దానిని చిన్న నిర్వహణ ఖర్చుగా పరిగణించి మా శాఖలోనే తేల్చివేయగలిగేవారమేమో. ఆ లెక్క అడగనిది నేనే.

అందుకనే నేను చెప్పదలచిన ప్రధాన విషయం ఇది. చెడిన తీగను మార్చడం పడవ కొనడం వంటి పెట్టుబడి ఖర్చు కాదు. డీజిలు, మంచుగడ్డల వలె ఏటా వచ్చే వేట ఖర్చు. కిసాన్ క్రెడిట్ కార్డు పథకం 1998లో రైతులకై ఆరంభమైంది. 2018–19 కేంద్ర బడ్జెట్‌లో దానిని మత్స్యకారులకు విస్తరించినట్లు ప్రకటించారు, 2019 ఫిబ్రవరిలో రిజర్వు బ్యాంకు మార్గదర్శకాలు జారీచేసింది. నమోదైన పడవ సొంతంగానో కౌలుకో ఉండి, వేటకు లైసెన్సు ఉన్నవారు దీనికి అర్హులు. నిర్ణీత పరిమితికి లోబడి, సకాలంలో చెల్లించినవారికి వడ్డీ రాయితీలు పోను నికరంగా 4 శాతమే పడుతుంది. అయితే సముద్ర వేటకు నిర్వహణ మూలధనం కింద ఆ మార్గదర్శకాలు పేరు పెట్టి చెప్పినవి ఇంధనం, మంచు, కూలీ, పడవ నిలుపుదల రుసుములు. ఆపైన "మొదలైనవి" అన్న ఒక్క మాట ఉన్నది. వల ముక్కలు, తీగ ఆ "మొదలైనవి"లో ఇమిడి ఉన్నాయని నా వాదన. ఆ మాటను ఉదారంగా అర్థం చేసుకొనే మేనేజరు ఉన్నచోట పని జరుగుతుంది, వెనుకాడే మేనేజరు ఉన్నచోట జరగదు. మత్స్యకారుని వేట కాలం ఒక మాటకు ఎవరు చెప్పిన అర్థం మీదనో ఆధారపడి ఉండడం న్యాయం కాదు. ఒక్కొక్క వృత్తికి ఎంత ఋణం అవసరమో నిర్ణయించేది జిల్లా స్థాయి సాంకేతిక కమిటీ. ఆ కమిటీ పడవ తరగతిని బట్టి ఏటా మార్చవలసిన అల్లిక, తీగల ఖర్చును తన పట్టికలో పేరు పెట్టి చేర్చితే సందిగ్ధం తొలగిపోతుంది. మత్స్యకార సహకార సంఘాలు ఈ కోరికను కమిటీ ముందు ఉంచాలి. కొచ్చిన్‌లోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థకు విశాఖపట్నంలోనూ, గుజరాత్‌లోని వెరావల్‌లోనూ పరిశోధన కేంద్రాలు ఉన్నవి. తీగ ఎంతకాలం నిలుస్తుందన్న అంచనాకు అక్కడి శాస్త్రజ్ఞుల సలహా తీసుకొనవచ్చు.

నిషేధ కాలపు భృతి ఉన్నది కదా అని కొందరు అడుగుతారు. ఆంధ్రప్రదేశ్‌లో ఈ భృతి 2019లో రూ. 10,000కు, 2025లో రూ. 20,000కు పెరిగింది, సంతోషమే. కానీ అది రెండు నెలలు పొయ్యి వెలగడానికి ఇచ్చిన సొమ్ము. దానితో వల కొనుక్కోమనడం సరికాదు.

డీలర్లకు కూడ నాలుగు మాటలు చెప్పక తప్పదు. రంగురంగుల తీగ చుట్టలను దుకాణం ముందుభాగంలో ఎండ తగిలేచోట వ్రేలాడదీయడం మన పట్టణాలన్నిటిలో ఉన్న అలవాటు. కొనేవారి కంటికి అది ఇంపుగా ఉంటుంది, తీగకు మాత్రం అది ఉరికంబం. ప్రదర్శనకు ఒక్క చుట్టను ఉంచి, దానిని అమ్మకుండా, మిగిలిన సరుకును లోపల చీకటి గదిలో ఉంచాలి. ముందు వచ్చినది ముందు అమ్మాలి. ప్యాక్ చేసి అమ్మే వస్తువు మీద తయారైన నెల, సంవత్సరం ముద్రించి ఉండాలని 2011 నాటి తూనికలు కొలతల నిబంధనలు చెబుతున్నవి. కొనేవారు ఆ ముద్రను చదవాలి. అది లేని చుట్టను తక్కువ ధరకు ఇస్తున్నారంటే ఎందుకు ఇస్తున్నారో అడగాలి.

మందం విషయంలో జరిగే మోసం మరింత సూక్ష్మమైనది. తీగ బలం దాని అడ్డుకోత వైశాల్యాన్ని అనుసరించి ఉంటుంది. 0.30 మిల్లీమీటర్లని వ్రాసిన తీగ నిజానికి 0.27 ఉన్నదనుకొందాం. మందంలో తేడా పదో వంతే అయినా బలంలో తేడా సుమారు ఐదో వంతు. అంటే నిల్వలో చెడకముందే ఐదో వంతు పోయిందన్నమాట. మందం కొలిచే స్క్రూగేజి పెద్ద ఖరీదైన పరికరం కాదు. ప్రతి సహకార సంఘం ఒకటి కొని ఉంచుకొనవచ్చు. సరుకు హామీ మీద డీలర్లకు క్యాష్ క్రెడిట్ ఇచ్చే బ్యాంకులు కూడ తనిఖీ రోజున చుట్టలను లెక్కపెట్టడంతో సరిపెట్టుకొనక, వాటి వయస్సును, అవి ఉన్న చోటును గమనించాలి. మూడేళ్ళుగా ఎండలో మగ్గిన సరుకును కొత్త సరుకు ధరకు హామీగా చూపడం, అంగీకరించడం రెండూ పొరపాట్లే.

నిల్వ పద్ధతి గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. వేట ఆగిన రోజున వలను మంచినీటితో కడిగి, నీడలో ఆరనిచ్చి, గోనెసంచులలో పెట్టి చీకటి గదిలో నేలకు ఎత్తుగా ఉంచితే చాలు. గది లేనివారు తాటాకుల పందిరి కింద ఉంచి పైన ముదురు రంగు టార్పాలిన్ కప్పవచ్చు. ఎలుకలు చేరకుండా అప్పుడప్పుడు కదుపుతూ ఉండాలి. డీజిలు, కిరోసిన్ మరకలు నైలాన్‌ను అంతగా బాధించవు, ఆమ్లం మాత్రం దానిని కొరికివేస్తుంది. పడవ బ్యాటరీని, వలను ఒకే మూల ఉంచే అలవాటు మానుకోవాలి. పాత వలలను శుభ్రం చేయడానికి బ్లీచింగ్ పొడి వాడడం కూడ ప్రమాదకరమే.

పనికిరాదని తేలిన తీగను సముద్రంలో పారవేయకూడదు. అది కుళ్ళదు కనుక, దానిని వేసినవాడు మరచిపోయిన తరువాత కూడ అది చేపలను, తాబేళ్ళను పడుతూనే ఉంటుంది. పోగొట్టుకొన్న వలలు ఎవరివో గుర్తించేందుకు వలలకు గుర్తులు వేయడంపై ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ సభ్యదేశాలు 2018లో మార్గదర్శకాలను ఆమోదించినవి. నైలాన్-6ను కరిగించి తిరిగి దారంగా తీయవచ్చును గనుక పాత వలకు కిలోల లెక్కన ఎంతో కొంత ధర పలికే అవకాశమూ ఉన్నది. డుమస్‌లో ఆ నేత కార్మికుడు తుంచిన ముక్కలను ఇసుకలో వేయక జేబులో ఎందుకు వేసుకొన్నారో ఆ రోజు నేను అడగలేదు. బహుశా కార్ఖానాలో తెగిన పోగును నేలమీద వదలరాదన్న అలవాటే కావచ్చు.

ఇక దరఖాస్తు సంగతి. వచ్చే నిషేధ కాలంలో ఋణం కోరదలచినవారు కొటేషనుతోపాటు ఒక అరఠావు కాగితం జతచేయవలసిందిగా నా సూచన. వలలో ఉన్న ముక్కలెన్ని, ఒక్కొక్కటి ఏ సంవత్సరం కొన్నది, ఎక్కడ నిల్వ ఉన్నది, కొత్త తీగ ఎన్ని కిలోల వద్ద తెగింది, పాతది ఎన్ని కిలోల వద్ద తెగింది, మార్చదలచినవి ఎన్ని అన్నవి ఆ కాగితం మీద ఉండాలి. వ్రాయడం రానివారికి సంఘం కార్యదర్శి వ్రాసిపెట్టవచ్చు. పరీక్షను నిషేధం ముగిసే వారంలో కాక మే నెల మొదటి వారంలోనే జరిపి, ఆ కాగితాన్ని మే 15 లోపల శాఖకు చేర్చాలి. దానిని అందుకొన్న అధికారి మరునాడే వలల గుట్ట వద్దకు వెళ్ళి, తన చేతులతో రెండు ముక్కలు గుంజి చూసి సంతకం చేయాలి.